ఎవరి ఎంగిలి

మార్కాపురం,
10 జూన్ 2024

ఒరేయ్ ఆనందూ,

నిన్నూ నీ ఇంటినీ ప్రభువు చల్లగా చూడాలని పొద్దున్నే అడిగి, ఆ తర్వాత నీ మీద కోపంతో కాగితం తీసుకున్న మీ మేనత్త రాసేది. ఫోన్లో నీ మాట నాకు వినపడదు, నా మాట వీధంతా వినపడుతుంది. అందుకే ఉత్తరం. కావ్యకు నడుం నొప్పి తగ్గిందా? నువ్వులుండలు పంపితిని, ముట్టినాయో లేదో ఒక్క ముక్క చెప్పకపోతివి.

నువ్వు పాస్టరుగా ఉన్న సంఘంలో వెంకటరత్నమ్మ కంటి ఆపరేషనుకు ఇక్కడికొచ్చి మా ఇంట్లోనే ఉండింది. ఒక కంటికి గుడ్డ కట్టుకొని, ఉన్న ఒక్క కంటితోనే మీ మందిరంలో జరిగేదంతా నాకు చూపించి పోయింది. "అమ్మా, ఇప్పుడు మాకు ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం తాగేదానికి అందరికీ ఒకటే గిన్నె లేదు, చిన్న గ్లాసులు" అనింది. దగ్గు మందు తాగేంత ప్లాస్టిక్ గ్లాసులంట. ట్రేలో పెట్టి తిప్పుతున్నారంట. బల్లారాధనా అది, పెళ్లిచూపుల్లో టీ ఇయ్యడమా?

ఎప్పటి నుంచి అంటే, ఈ నెల నుంచేనంట. కాంట్రాక్టరు మాల్యాద్రి కుటుంబం బాప్తిస్మం తీసుకునింది ఈస్టరుకు. మొదటిసారి బల్లకు కూర్చున్నది మే నెలలో. ఆ రోజు అతని భార్య సుధారాణి గిన్నె అంచును కొంగుతో తుడిచి తాగిందని వెంకటరత్నమ్మ చూసింది. మరుసటి నెలకు గిన్నె మాయం. బడిలో ఎక్కాలు చెప్పి రిటైరైనదాన్ని, ఈ లెక్క నాకు ఇంకొకరు చెప్పాల్నా?

మా జేజి సంగతి, అదే మా నాయన తల్లి సంగతి, నీకు చెప్పినానో లేదో. ఊళ్లో ఆమెకు నీళ్లు పైనుంచి దోసిట్లోకి పోసేవాళ్లు. చెంబు తగలకూడదు. మొట్టమొదట బల్ల దగ్గర, మిషన్ దొర తాగిన గిన్నెనే ఆమె చేతికిచ్చినారు. ఇంకొకరి పెదవి తగిలిన చోట తన పెదవి పెట్టింది. ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క అర్థం కాలేదంట, గిన్నె అర్థమైందంట. మన ఇంటి విశ్వాసమంతా ఆ గిన్నెలో నుంచి వచ్చిందిరా. పెద్ద కులపోడు ఒకడు వచ్చి కూర్చోగానే దాన్ని బీరువాలో పెట్టి తాళమేసినావు.

పైగా శనివారాలు శిష్యత్వ తరగతులంట. "ఆత్మీయ ఎదుగుదల" అని ఫ్లెక్సీ కట్టి, దాని మీద నీ బొమ్మ నిలువెత్తు వేసినారంట. ఎదిగింది ఎవరో ఫ్లెక్సీలోనే తెలుస్తోంది.

జవాబు రాయి. వాక్యాలు రాయొద్దు, జవాబు రాయి.

తల్లి లేని నిన్ను ఎత్తి పెంచిన పాపానికి,
రాజకుమారి


గిద్దలూరు,
18 జూన్ 2024

ప్రియమైన అత్తకు ఆనంద్ వందనాలు.

నువ్వులుండలు ముట్టినాయి, అయిపోయినాయి కూడా. కావ్యకు కొంచెం నయం. ఇక్కడ ఒక వాన పడి మళ్లా మొహం చాటేసింది.

ఫ్లెక్సీ నేను కట్టించింది కాదు, కుర్రవాళ్లు కట్టినారు. తీసేయమంటే బాధపడతారని ఊరుకున్నా.

గ్లాసులు శుభ్రత కోసం పెట్టినాము. చాలా సంఘాలు కరోనా అప్పుడే పెట్టుకున్నాయి, మేమే ఆలస్యం. దీనికీ మాల్యాద్రన్నకూ సంబంధం లేదు. ఆయన శనివారం అందరికంటే ముందొచ్చి తన చేత్తోనే చాపలు పరుస్తాడు. నువ్వు చూస్తే ఇట్ల రాయవు.

తరగతి గురించి ఎగతాళి చేసినావు. చెయ్యి. కొండకింద కొట్టాల నుంచి చెన్నమ్మ అనే ఆమె వస్తోంది. మేకలు కాచుకునే ఒంటి మనిషి. తన వాళ్లెవరూ మందిరం గడప తొక్కలేదు, ఆమె ఒక్కతే వచ్చింది. మొన్న నేను తగ్గింపు జీవితం గురించి చెప్తుంటే, "అయ్యగారూ, ఇవన్నీ మీరు చేస్తారా?" అని అడిగింది. అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు.

అత్తా, కొన్ని సంగతులు కాపరి కడుపులోనే ఉండాల. నన్ను నమ్ము, అంతే అడుగుతున్నా.

నీ బిడ్డ,
ఆనంద్


మార్కాపురం,
26 జూన్ 2024

ఆనందూ,

శుభ్రతంట! మీ నాయన వరప్రసాదం బతికుంటే ఆ మాట విని కండువా దులుపుకొని లేచిపోయేవాడు. మా జేజికి దోసిట్లో నీళ్లు పోసినవాళ్లు కూడా అదే మాట చెప్పేవాళ్లు. శుభ్రత కోసమేనమ్మా, వేరేగా అనుకోవద్దు అని.

కొన్ని సంగతులు కాపరి కడుపులో ఉండాల్నంట. నీ కడుపులో ఏముందో నాకు తెలుసు, మాల్యాద్రి మందిరం వెనక వేయించిన బోరు నీళ్లు. వెంకటరత్నమ్మ అదీ చెప్పింది. చాపలు పరుస్తాడంట! చాప పరిచినవాడు దాని మీద మన పక్కన కూర్చుంటాడా, ముందర కుర్చీలో కూర్చుంటాడా? అది రాయలేదేంది?

ఆ మేకలామె అడిగినదానికి నువ్వేం జవాబు చెప్పినావో అదీ రాయలేదు. నీ ఉత్తరంలో పనికొచ్చే మనిషి ఆమె ఒక్కతే.

వచ్చే నెల బల్లారాధనకు వస్తున్నా. రైలుకొచ్చి రైలుకు పోతా. స్టేషనుకు ఎవరినీ పంపొద్దు, ముఖ్యంగా మాల్యాద్రి కారును.

రాజకుమారి


గిద్దలూరు,
8 జూలై 2024

రాజకుమారి గారికి,

నిన్న మందిరంలో జరిగింది మీకు సగమే తెలుసు. చెప్పదలుచుకున్నది చెప్పి, గొడుగు తీసుకొని, ముగింపు ప్రార్థన కూడా వినకుండా రైలుకు పోయినారు. మిగతా సగం నేను రాస్తున్నా.

ట్రే మీ దగ్గరికి వచ్చినప్పుడు మీరు లేచి నిలబడి అన్న మాటలు మీకు గుర్తుండే ఉంటాయి. "ఒక్క నోటి కోసం అందరి గిన్నె తీసేసినారు. ఎవరి ఎంగిలి ఎవరికి అసహ్యమైంది? ఆ నోరు ఎవరిదో నాకు తెలుసు" అన్నారు. మీకు చెవుడు కాబట్టి ఎంత గట్టిగా అన్నారో మీకు తెలియదు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసినారు. మీరు మాల్యాద్రన్న వైపు చూస్తూ అన్నారు. కానీ మీ వెనక కూర్చున్నవాళ్లకు, చెన్నమ్మకు కూడా, మీ వీపే కనపడింది.

మీరు గడప దాటినాక చెన్నమ్మ లేచింది. నన్ను చూసి, "ఎవరికీ చెప్పనంటివి కదా అయ్యగారూ, ఆ యమ్మకు చెప్పిందెవరు?" అనింది. ఆమె అందరి వైపు తిరిగింది. "ఆ నోరు నాదే. నాకు టీబీ. మీ ఎంగిలి నాకు అసహ్యం కాదు. నా ఎంగిలి మీకెందుకని నేనే గిన్నె ముట్టనంటి."

గిన్నె వల్ల అది రాదని డాక్టరు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. బల్లకు దూరంగా కూర్చుంటానంది. ఒక్కతే దూరంగా కూర్చుంటే అందరూ ఎందుకని అడుగుతారు. అందుకని అందరికీ గ్లాసులు పెట్టినా. ఆమె కూడా తీసుకోవాలని. ఇదీ నా కడుపులో ఉన్న బోరు నీళ్లు.

ఆమె ఆ మాట అన్న వెంటనే చాప మీద ఆమె చుట్టూ ఉన్నవాళ్లు జరిగినారు. మన వాళ్లూ జరిగినారు, మాల్యాద్రన్న ఇంటివాళ్లూ జరిగినారు, మీ వెంకటరత్నమ్మా జరిగింది. ఆ ఒక్క పనిలో నా సంఘం ఏకమనస్సుతో కనపడింది.

చెన్నమ్మ చెప్పులు చేతిలో పట్టుకొని వెళ్లిపోయింది. ఈ పొద్దు ఆ ఊరి ఆశా కార్యకర్త గోపిక మాత్రలు తీసుకొని పోతే వాకిట్లోకి విసిరేసిందంట.

మీరు మా మందిరానికి మళ్లీ రానక్కర్లేదు.

ఆనంద్


మార్కాపురం,
15 జూలై 2024

ఆనంద్ అయ్యగారికి,

"మీరు" అని రాసినావు. పెట్టిన అన్నం ముద్దలన్నీ ఆ ఒక్క మాటతో బయటికి కక్కినావు. సరే.

నాకు ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే నోరు మూసుకునేదాన్ని కదా అని రాద్దామని కూర్చున్నా. అది అబద్ధం. మూసుకునేదాన్ని కాదు. వెంకటరత్నమ్మకు చెప్పేదాన్ని, ఎవరికీ చెప్పొద్దని చెప్పి మరీ చెప్పేదాన్ని. అందుకే నువ్వు చెప్పలేదు. అది నాకు అర్థమైంది.

కానీ జరిగి కూర్చున్న ఆ జనం ఏందిరా! ఇన్ని శనివారాలు కూర్చోబెట్టి శిష్యత్వం నేర్పినావు కదా, అది జానెడు చాప కాడనే ఆగిపోయిందా? ఆ ఫ్లెక్సీ పీకి గేదెల కొట్టం మీద కప్పండి, వానకైనా పనికొస్తుంది.

నాకు అన్నం సయించడం లేదు. అది నీకు అక్కర్లేదు. కొండకింద కొట్టాలకు బస్సు ఉందా?

రాజకుమారి


గిద్దలూరు,
22 జూలై 2024

రాజకుమారి గారికి,

బస్సు లేదు. ఆటోలు రోడ్డు దాకా పోతాయి. కానీ మీరు పోవద్దు.

పోయి ఏం చేస్తారు? ఏడుస్తారు. క్షమించమంటారు. జబ్బు మనిషి చేత ఓదార్పించుకొని, మనసు తేలిక చేసుకొని, మధ్యాహ్నం రైలుకు వచ్చేస్తారు. ఆమె దగ్గు ఆమెకే ఉంటుంది. మీ పశ్చాత్తాపం కూడా మీ సుఖం కోసమే.

ఒక సంగతి మాత్రం చెప్పాల. మాల్యాద్రన్న నిన్న ఇంటికొచ్చినాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, వాకిట్లోనే నిలబడినాడు. "అయ్యగారూ, ఆ గ్లాసులు మా కోసమే పెట్టినారనుకున్నా. మా మర్యాద చూసినారని నేనూ సుధారాణీ లోపల సంతోషపడినాము కూడా" అన్నాడు. తల ఎత్తలేకపోయినాడు. అంటే మీరు పూర్తిగా తప్పు కాదు. ఆ ముక్క మీకు తీపిగా ఉంటుందని తెలిసే రాస్తున్నా.

ఆనంద్


కొండకింద కొట్టాలు,
12 ఆగస్టు 2024

ఆనందూ,

పోవద్దంటివి, వచ్చినా. ఈ ఉత్తరం గోపిక మండలాఫీసు పనికి పోతుంటే ఆమె చేతికిచ్చి పంపుతున్నా.

ఆటోవాడు రోడ్డు మీదనే దింపేసినాడు. అక్కడి నుంచి ఎర్రమట్టి బాట, రెండు పక్కలా ముళ్లకంప. మంచి చీర కట్టుకొని వచ్చినదాన్ని, పరామర్శకు పోతున్నాననే తెలివితో. అది పీలికలైంది. దారి అడిగితే ఒకాయన "మేకల చెన్నమ్మా? ఆ యమ్మ దగ్గరికెందుకు, రోగమంట" అని దూరం నుంచే అరిచి చెయ్యి చూపించినాడు. ఈ ఊరికి ఎట్ల తెలిసింది? మన మందిరం నుంచే కదా. సువార్త మాత్రం ఇన్నేళ్లకూ ఇక్కడికి చేరలేదు, ఇది వారంలో చేరింది.

ఆమె వాకిట్లో మంచం మీద పడుకోనుండింది. మనిషిలో ఎముకలు తప్ప ఏమీ లేవు. నన్ను చూసి లేవలేదు. రైల్లో వల్లెవేసుకున్న మాటలు మొదలుపెట్టినా. "చెన్నమ్మా, ఆ పొద్దు నేను..."

"నీకు చెవుడంట కదా?" అనింది. ఆ మాటా, ఆ తర్వాతవీ గట్టిగానే అనింది.

"అవును" అంటి.

"అయితే నేను తిట్టేది నీకు వినపడదు. నువ్వు చెప్పేది నాకు అక్కర్లేదు. పో."

నేను పోలేదు. గడప మీద కూలబడినా. నిజం చెప్తున్నా, అక్కడ కూర్చోబెట్టింది పశ్చాత్తాపం కాదు, మోకాళ్లు. కూర్చున్నాక ఏడుపొచ్చింది. నువ్వు రాసినట్లే.

"ఏడ్చేదానికి మార్కాపురంలో చోటు దొరకలేదా?" అనింది. "ఊరికే కూర్చునే బదులు ఆ సుబాబుల్ కొమ్మలు విరిచి మేకలకెయ్యి. పొద్దున్నుంచి అరుస్తున్నాయి, నువ్వు కూడా అరిస్తే నేను తట్టుకోలేను."

విరిచినా. దొడ్లోకి పోతే ఒక మేకపోతు వెనకనుంచి కుమ్మింది, పేడలో పడినా. అప్పుడు నవ్వింది చెన్నమ్మ. నవ్వుతో దగ్గొచ్చింది. ఆ దగ్గు నా చెవులకు కూడా వినపడిందిరా.

అది ఆగినాక నేను బుద్ధిలేక బోధ మొదలుపెట్టినా, ఈ దేహం ప్రభువుదమ్మా, మాత్ర మింగాల అని. చెయ్యెత్తి ఆపింది. నాకు తెలియాలని ఒక్కొక్క మాటా నిదానంగా చెప్పింది. "ఆయన సంగతి నాకూ ఆయనకూ తెలుసు. మీ మనుషుల సంగతి చెప్పు. నేను లేస్తే ఎట్ల జరిగినారో చూసినావా? నువ్వెందుకు చూస్తావులే, అప్పటికే రైలుకు పోయినావు."

నువ్వు పొమ్మన్నప్పుడు కూడా నాకు అంత సిగ్గు కాలేదు.

రాత్రికి గోపిక ఇంట్లో పడుకున్నా. తెల్లారి మళ్లా పోయినా, మళ్లా పొమ్మనింది. ఆ మరునాడూ అంతే. ఏ పొద్దుకాపొద్దు పని మాత్రం చెప్తోంది. నీళ్లు తెమ్మంటుంది, పేడ ఎత్తమంటుంది, ఎత్తినాక "బడిలో ఇదేనా నేర్పినావు" అంటుంది.

నిన్న గోపిక మాత్రలు తెచ్చి నా చేతిలో పెట్టింది. చెన్నమ్మ నన్నూ మాత్రలనూ ఒకే చూపు చూసింది.

"ఇవి మింగేదాకా నువ్వు పోవా?"

"పోను."

"మింగితే పోతావా?"

"పోతా" అంటి.

గబుక్కున మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించింది. "చూసినావా? ఇంక నడువు." అప్పుడు గోపిక నాకూ వినపడేట్టు, "అక్కా, మధ్యలో ఆపినావు కదా, మళ్లా మొదటి నుంచి ఆరు నెలలు మింగాలంట" అనింది. చెన్నమ్మ లోపలికి పోయి తలుపేసుకునింది. లోపల నుంచి నన్ను ఏం తిట్టిందో నాకు వినపడలేదు. గోపిక మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది.

మాల్యాద్రి సంగతి తీపిగా ఉంటుందంటివి. లేదు. ఒక మనిషి తన నీచత్వాన్ని నీ వాకిట్లో ఒప్పుకొని పోయినాడు. నేను నాది ఒప్పుకుందామని వస్తే ఇక్కడ వినేవాళ్లు లేరు.

మార్కాపురం ఇంటి తాళం చెవి పక్కింటి వాళ్ల దగ్గర ఉంది. నేను ఇప్పుడప్పుడే రాను.

మీ అత్త


గిద్దలూరు,
5 సెప్టెంబర్ 2024

అత్తా,

నీ ఉత్తరం చదివి కావ్య ఏడ్చింది. ఆ పోతు కుమ్మిన కాడ మాత్రం నవ్వింది. బొంత, మోకాళ్ల నూనె, మాస్కులు పంపుతున్నాము. మాస్కు కట్టుకో, వీరత్వం చూపించొద్దు.

శనివారం తరగతి ఆపేసినా. ఆదివారం ప్రసంగం బదులు ఒక్కటే అడిగినా. ఆ రోజు తర్వాత చెన్నమ్మ ఇంటికి పోయినవాళ్లు చెయ్యెత్తండి అని. ఒక్క చెయ్యీ లేవలేదు. నాది కూడా లేవలేదు. నేను రెండుసార్లు కొట్టాల దాకా వచ్చి, ఆమె ఏమంటుందోనని వెనక్కి మళ్లినా. నిన్ను పోవద్దని పెద్ద మాటలు రాసినా కదా, అదంతా ఆమె మీద దయ అనుకోవద్దు. నేను పోలేని చోటికి నువ్వు పోతావని ఓర్వలేకపోయినా.

సంఘ పెద్దలు గిన్నె మళ్లా బయటికి తీయాల్నా, గ్లాసులే ఉంచాల్నా అని రెండు జట్లయినారు. నాకు విసుగొస్తోంది. ఆమెనే అడుగు, ఏం చెయ్యమంటుందో.

ఆనంద్


కొండకింద కొట్టాలు,
30 అక్టోబర్ 2024

ఆనందూ,

అడిగినా. చెన్నమ్మ చెప్పింది చెప్పినట్లు రాస్తున్నా. "గిన్నె అయితే ఏంది, గ్లాసు అయితే ఏంది. దాని గురించి వాళ్లను కొట్టుకోనీ. నా పక్కన చాప మీద ఎవరు కూర్చుంటారో తేల్చుకొని చెప్పమను, అప్పుడు వస్తా." మీ పెద్దల మీటింగులో ఇదే చదివి వినిపించు, ఇంకేమీ కలపొద్దు.

మాల్యాద్రీ సుధారాణీ వచ్చిపోయినారు. పండ్లు తెచ్చినారు. కారు దుమ్మంతా మేకల మీద పడిందని చెన్నమ్మ కసురుకునింది. మంచం అంచున కూర్చోబోతుంటే సుధారాణికి ఒక్క క్షణం మోకాలు వంగలేదు. నేను చూసినా, చెన్నమ్మా చూసింది. ఆ తర్వాత కూర్చునింది. ఆమె మీద ఇంతకుముందు ఉన్నంత ఎగతాళి నాకిప్పుడు రావడం లేదు. ఎట్ల వస్తుంది, నా వంతు నాకే మిగిలింది.

కఫం పరీక్షలో క్రిములు లేవని తేలింది. మాత్రలు ఇంకా మింగాల, కానీ ఇంక భయం లేదన్నారు. ఆ కాగితం చూపించగానే, "అయితే నువ్వు పో. రోజూ పొద్దున్నే నీ మొఖం చూసి నాకు విరక్తి వచ్చింది. మిగిలినవి గోపిక ముందర మింగుతా" అనింది. నిజమే కదా అనుకున్నా. నేను కాబట్టి ఆమె మింగింది, నన్ను వదిలించుకునేదానికి. అంతకంటే గొప్ప పరిచర్య నేనేమీ చెయ్యలేదు. సంచి సర్దుకొని పొద్దున రోడ్డు మీదికి పోయినా.

ఆటో ఎక్కి కూర్చున్నా. చూస్తే వెనక చెన్నమ్మ వస్తోంది, ఒక మేకను తోలుకొని. నా వైపు చూడలేదు. మేక కడుపు మీద చెయ్యి పెట్టి, ఆటోవాడితో చెప్పినట్లు గట్టిగా అనింది. "ఇది ఇయ్యాలో రేపో ఈనేట్టుంది. మొదటి ఈత, పిల్ల అడ్డం తిరిగినట్లుంది. నా చేతుల్లో ఇంకా పట్టు రాలేదు. పోయేవాళ్లు పోండి."

నేను దిగినా. ఆటోవాడు గొణుక్కుంటూ పోయినాడు. "నన్ను ఉండమంటున్నావా?" అని అడిగినా.

"నీకు చెవుడు ముదిరింది. నేనేమీ అనలేదు" అనింది. సంచి మాత్రం నా చేతిలోనుంచి తీసుకొని ముందు నడిచింది.

ఇంతవరకు రాసి ఆపినా, పిలిస్తే పోయి చూసి వచ్చినా. మేక నిలబడలేదు, పడుకోలేదు, దొడ్లో తిరుగుతోంది. నా చేతులు సన్నంగా ఉన్నాయి కాబట్టి లోపలికి పెట్టి తిప్పేది నేనేనంట. ఎట్లనో చెప్తానంది. నాకు భయంగా ఉంది.

ఈ ఆదివారం బల్లారాధనకు నేను రాలేను. ఇక్కడికి రాకముందు నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మానింది లేదు, ఇప్పుడు ఇది మూడో నెల. ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే మేక ఈనుతోందని చెప్పు. వాళ్లు నవ్వుతారు, నవ్వనీ. చేతికి రాసుకునే ఆముదం ఎక్కడ పెట్టినావని చెన్నమ్మ అరుస్తోంది, పోతున్నా.

మీ అత్త